పిట్టల కోసం ఒకనాడు కొండెక్కండి

వరి కంకులు బరువెక్కి వంగాయి. కోతలకు ఇంకా పది పదిహేను రోజులు గడువుంది. కార్తీక సోమవారాలకు బంతీ, చామంతీ ఆనందపురం పూల మార్కెట్టుకి వేసి నాలుగు డబ్బులు కళ్ళజూశారు. వంగమడికి తడి పెట్టే పని ఒకపూట ఇంట్లోవాళ్ళు చూసుకోగలరు. ఈ సందులో ఒక్కరోజు వీలు చేసుకుని అనంతగిరి కొండలకు వెళ్ళిరండి. మొక్కు తీర్చుకోడానికి కాదు, వనభోజనాలకూ కాదు. పిట్టల్ని చూడ్డానికి.

"పిట్టల్ని చూడ్డానికి డబ్బు తగలేసుకుని కొండదాకా పోవాలా? మా చేలో లేవా? పొద్దున్న లేస్తే చోడిచేను మీద పిట్టల్ని తోలడంతోనే సరిపోతోంది" అని మీరంటారు. నిజమే. రైతుకి పిట్ట అంటే తోలవలసిన వస్తువే. కంకి మీద వాలితే తోలతాం, జామకాయ కొరికితే తిడతాం, కళ్ళంలో దిగితే డబ్బా వాయిస్తాం. తోలగా తోలగా ఒక అలవాటు పడిపోయింది. పిట్ట కనబడితే చాలు, చెయ్యి రాయి కోసం వెతుకుతుంది. గింజ తినేది ఏది, పురుగు తినేది ఏది అని ఆగి చూడం. చూడ్డానికి తీరిక ఉండదు కూడా. చేలో ఉన్నంతసేపూ కళ్ళు కలుపు మీద, తడి మీద, తెగులు మీద ఉంటాయి. చేతులు కట్టుకుని మూడు గంటలు నిలబడి పిట్ట ఏం చేస్తోందో చూడాలంటే మనది కాని చోటికి పోవాలి. అందుకే కొండ.

కార్తీకమే ఎందుకంటే, వలస పిట్టలు వచ్చి కుదురుకునే రోజులివి. హిమాలయాల్లోనూ, ఆ పైన సైబీరియా వైపూ గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకున్న చిన్న చిన్న పిట్టలు ఆగస్టు, సెప్టెంబరు నెలల నుంచీ దక్షిణానికి దిగుతాయి. దసరా నాటికి మన కొండల్లో కనబడతాయి. నవంబరు సగానికి ఎవరి చెట్టు వాళ్ళు చూసుకుని స్థిరపడతాయి. మళ్ళీ మార్చి, ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటాయి. అంటే మన రబీ కూరగాయలు, పూలతోటలు చేతికొచ్చే కాలమంతా అవి మన ప్రాంతంలోనే ఉంటాయన్నమాట. వాటిలో కొన్ని కొండలోనే ఆగిపోతాయి. కొన్ని మన జీడితోటల్లోకి, చెరువు గట్ల మీదకి, చేలలోకి వస్తాయి. కొండకీ మనకీ చుట్టరికం కొత్తదేం కాదు. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే మన గోస్తనీ పుట్టింది అనంతగిరి కొండల్లోనే కదా. బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయరులో నిలిచి, ఆ తర్వాతే మన వైపు వస్తుంది.

ఎలా వెళ్ళాలి

నలుగురైదుగురు కలిసి ఒక బండి మాట్లాడుకోండి. ఆనందపురం జంక్షన్ నుంచి పెందుర్తి రోడ్డు పట్టుకుని, కొత్తవలస, శృంగవరపుకోట దాటితే బొడ్డవర తర్వాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దారిలో మూడు జిల్లాలు తగుల్తాయి. మనది విశాఖ, ఎస్.కోట విజయనగరం, అనంతగిరి మండలం 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. పిట్టలకి ఈ సరిహద్దులు పట్టవు గానీ, దారి అడిగేటప్పుడు మీకు పనికొస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికల్లా బయలుదేరాలి. తొమ్మిదింటికి చేరి, టిఫిను చేసి, పదింటికి చెట్ల కింద నిలబడితే ఆకులు తప్ప మరేం కనపడవు. సూర్యోదయం నుంచి రెండు మూడు గంటలే అసలు వేళ. రాత్రంతా చలికి ముడుచుకున్న పిట్ట ఆకలితో లేచి, ఎండ పొడ తగిలిన కొమ్మ మీదకి వస్తుంది. పురుగులూ అప్పుడే కదులుతాయి. మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత ఒక గంట బాగుంటుంది.

టైడ దగ్గర అడవి రోడ్డుకి రెండు వైపులా దట్టంగా ఉంటుంది. పర్యాటక శాఖవాళ్ళ జంగిల్ బెల్స్ అనే విడిది అక్కడే ఉంది. మొదట అక్కడ ఆగండి. ఆ తర్వాత డముకు మీదుగా అనంతగిరి కాఫీ తోటలకు చేరవచ్చు. అరకు దాకా పోనక్కర్లేదు. సెలవురోజుల్లో అరకులో జనం ఎక్కువ, మైకులెక్కువ, పిట్టలు తక్కువ.

దుర్భిణి లేకపోయినా ఫరవాలేదు. ఊళ్ళో మాస్టారి దగ్గరో మరెవరి దగ్గరో ఉంటే ఒకపూటకి అడిగి తీసుకెళ్ళండి. తెల్లచొక్కా, ఎర్ర తువ్వాలు వద్దు, మాసిన రంగు బట్టలు మంచివి. సెల్‌ఫోనులో పాటలు కట్టెయ్యండి. మంచు పడుతుంది కాబట్టి స్వెట్టరో, దుప్పటో ఉండాలి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు తప్పనిసరి. ఇంట్లో ఏడో ఎనిమిదో చదివే పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే వెంటబెట్టుకుని వెళ్ళండి. కదిలే ఆకుని మనకంటే వాళ్ళు ముందు పడతారు.

ఒక్క మాట. కాఫీ చెట్లున్న చోటు అడవిలా కనబడుతుంది కానీ అది ఒక గిరిజన రైతు తోట. నవంబరు, డిసెంబరు కాయకోత రోజులు. మన బంతి మడిలో చెప్పకుండా ఎవడో తిరిగితే మనం ఊరుకోం. అక్కడా అంతే, అడిగి అడుగు పెట్టండి.

ముందు చెవులు, తర్వాత కళ్ళు

ఇంకా మసక ఉండగానే మీకు వినబడేది కోడికూత. ఊరు ఉందనుకుంటారు. ఊరు కాదు, అడవికోడి. మన పెరట్లో తిరిగే కోళ్ళన్నిటికీ మూలం ఇదే. కూత మన పుంజుదే, చివర మాత్రం తుంచేసినట్టు ఆగిపోతుంది. కనబడితే అదృష్టం. రోడ్డు దాటేటప్పుడు ఒక క్షణం ఎర్రటి మెడ, నల్లటి తోక మెరిసి పొదలోకి పోతుంది.

ఎండ పొడ పడ్డాక ఒకచోట కదలకుండా నిలబడండి. పావుగంట ఏమీ ఉండదు. విసుగొస్తుంది. అంతలో చెట్టంతా ఒక్కసారి పిట్టలతో కదులుతుంది. ఒక జాతి కాదు, పదీ పన్నెండు జాతులు కలిసి ఒక గుంపుగా వస్తాయి. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడి, పేర్లు కనుక్కోవాలని పుస్తకం తిరగేస్తారు. ఈలోగా గుంపు వెళ్ళిపోతుంది. పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎవరు ఏ పని చేస్తున్నారో చూడండి. ఊడ్పుల్లో దిగిన ముఠాని చూసి ఎవరు నారు అందిస్తున్నారు, ఎవరు నాటుతున్నారు అని మీరు ఇట్టే చెప్పగలరు కదా, అలాగే.

వడ్రంగిపిట్ట కాండం మీద నిలువుగా పాకుతూ బెరడు కింద పురుగు తీస్తుంది. బూడిద, నీలం కలిసిన ఒక చిన్న పిట్ట అదే కాండం మీద తలకిందులుగా దిగుతూ, వడ్రంగి వదిలేసిన పగుళ్ళు వెతుకుతుంది. కొమ్మల చివర ఎర్రగా నిప్పు రవ్వల్లా ఎగిరేవి మగ పిట్టలు, పక్కనే పసుపు రంగువి వాటి ఆడవి. ఇవి ఆకుల మీద గొంగళి పురుగులు ఏరుతాయి. వీటన్నిటికీ కాస్త వెనగ్గా, తోక నుంచి రెండు పొడవాటి ఈనెలు వేలాడుతూ, ఈనె చివర చిన్న ఆకులాంటి ఈక ఉన్న నల్ల పిట్ట కూచుంటుంది. ఇది మన ఏట్రింతకి అడవి చుట్టం. మిగతావాళ్ళు ఆకుల్ని కదిపితే బెదిరి ఎగిరిన పురుగుని గాలిలోనే పట్టేస్తుంది. ఊరికే తినిపోదు, గద్ద వస్తే ముందు కేక వేసేదీ ఇదే. ఒక్కోసారి గద్ద రాకపోయినా దొంగకేక వేసి, పక్కవాడు భయపడి వదిలేసిన పురుగుని ఎత్తుకుపోతుంది! మనుషుల్లో లేరూ ఇలాంటివాళ్ళు?

మీ కరెంటు తీగ మీద, గేదె వీపు మీద కూచునే నల్ల ఏట్రింతని, పసులపోలిగాడు అంటారు చూడండి, దాన్ని ఈ కొండ చుట్టంతో పోల్చి చూడండి. అదీ ఇదీ ఒకటే పని చేస్తాయి. ఒకటి చెట్ల మధ్య, ఒకటి మీ చేలో. దాని తోక చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. దూరం నుంచి చూసి కాకిపిల్ల అనుకుని రాయి వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పది గ్రాములు తూగని వలసకూలీ

ఆ గుంపులో మీరు తప్పకుండా వెతకవలసినది ఒకటుంది. అందం లేదు, రంగు లేదు. ముదురాకు రంగు వీపు, కంటి మీద ఒక లేత గీత, రెక్కల మీద సన్నటి చార. నిమ్మాకుల్లో దూరితే నిమ్మాకే అనుకోవాలి. మన పల్లెల్లో దీనికి పేరే పెట్టలేదు. ఇంగ్లీషులో ఆకు పిట్ట అనే అర్థం వచ్చే పేరుంది. తూకం వేస్తే పది గ్రాములు కూడా రాదు. హిమాలయాలు దాటి వచ్చిన పిట్ట ఇది.

ఈ పిట్టను గురించి లోకానికి తెలిసిన దానిలో కొంత భాగం మన కొండల్లోనే తెలిసింది. 1970లలో ట్రెవర్ ప్రైస్ అనే బ్రిటిష్ పరిశోధకుడు చింతపల్లి దగ్గరి లంబసింగిలో శీతాకాలాలు గడిపి దీన్ని గమనించాడు. ఆయన రాసినదాని ప్రకారం, ఈ పిట్ట చలికాలమంతా కొన్ని చెట్లు తనవిగా పంచుకుంటుంది. పక్కదాన్ని రానివ్వదు. పొద్దున్న నుంచి చీకటి పడేదాకా ఆ చెట్ల ఆకుల అడుగు భాగాలు ఒక్కొక్కటీ వెతుకుతూ తిరుగుతుంది. ఆకు అడుగున ఏముంటాయో రైతుకి చెప్పక్కర్లేదు. మనం పంపు వీపున వేసుకుని, నాజిల్ ఎంత తిప్పినా మందు సరిగ్గా తగలని చోటు అది.

ఆ రోజుల్లో ఈ కొండల్లో పిట్టల మీద పనిచేసినవారిలో మన విశాఖవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ముఖ్యులు. అంతకు చాలా ముందే, 1929 నుంచి 1931 దాకా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తూర్పుకనుమల్లో వర్నే సర్వే పేరిట పిట్టల లెక్క తీసినప్పుడు అనంతగిరి, సుంకరిమెట్టల్లో కూడా నమూనాలు సేకరించారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోని ఈ కొండల్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినవారు కృష్ణరాజు. తూర్పుకనుమల్లో పొదలచాటున బతికే ఒక గోధుమరంగు పిట్ట ఉపజాతికి 1985లో అమెరికా శాస్త్రజ్ఞులు రిప్లీ, బీలర్ ఆయన పేరే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ ఆ పిట్ట పేరు రాసినా శాస్త్రీయ నామం చివర 'కృష్ణరాజుయి' అని రాయాల్సిందే. మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఆయన గురించి ఒక పేరా ఉంటే బాగుండేది.

మరో వింత ఈ కొండ పల్లెల్లో ఉంది. అక్కడి ఇళ్ళ చూరుల్లో తిరిగే పిచ్చుకల్ని పరకాయించి చూడండి. తల చాకొలెట్ రంగులో, తెల్లటి చెంప మీద ఒక నల్ల చుక్కతో, ఆడా మగా ఒకేలా కనబడితే అది మన ఊరపిచ్చుక కాదు. దీని అసలు సొంతూళ్ళు హిమాలయాలు, చైనా, ఐరోపా. దేశంలో ఈ మధ్యభాగమంతా వదిలేసి మన తూర్పుకనుమల్లో మాత్రం విడిగా కనబడుతుంది. చైనాలో 1958లో ధాన్యం తినేస్తోందని ఊరూరా డప్పులు వాయించి, వాలనివ్వకుండా చేసి లక్షలకు లక్షలు చంపించింది ఈ పిచ్చుకనే. తర్వాత పైర్లను పురుగు ముంచెత్తింది. 1960కి పొరపాటు తెలిసి, చంపాల్సిన జాబితాలో పిచ్చుక పేరు కొట్టేసి నల్లిని చేర్చారు. ఈలోపు వచ్చిన మహా కరువుకి కారణాలు ఇంకా చాలా ఉన్నాయిగానీ, పిచ్చుకల్ని చంపడం కూడా వాటిలో ఒకటని చరిత్రకారులు రాశారు. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులే. ఆ సంగతి అప్పుడు లెక్కలోకి రాలేదు.

కాఫీ తోటలో

టిఫిను కాఫీ తోట దగ్గర చెయ్యండి. వీలైతే ఆ రైతుతో రెండు మాటలు మాట్లాడండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు పెరిగింది. అదే అరకులో 2025 ఆగస్టులో బెర్రీ బోరర్ అనే కాయ తొలిచే పురుగు బయటపడింది. నువ్వుగింజంత నల్లటి పెంకు పురుగు ఇది. ఆడపురుగు కాయ కొనకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. మందు కొడితే కాయ లోపలికి చేరదు. సోకిన కాయలు దూసి, ఉడకబెట్టి, పూడ్చిపెట్టాల్సి వచ్చింది. ఏడాది పంట చేతులారా దూసి పాతిపెట్టడం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇదే పురుగు మధ్య అమెరికాలోని కోస్టారికా కాఫీ రైతుల్ని ఏనాటి నుంచో పీడిస్తోంది. అక్కడ కొన్ని కాఫీ మొక్కలకు పిట్టలు దూరకుండా వల కట్టి, కొన్ని వదిలేసి లెక్క చూశారు. పిట్టలు తిరిగిన మొక్కల్లో బోరర్ బెడద సుమారు సగానికి తగ్గింది. తోట పక్కన అడవి ముక్క ఎంత ఎక్కువుంటే అంత మేలు కనబడింది. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పని చేసినవి కూడా పెద్ద పిట్టలేం కాదు, మన ఆకుపిట్టంత ఉండే పురుగు తిండిపోతులే.

కొండమీద రెండు రకాల తోటలు కనబడతాయి. కొన్నిచోట్ల నీడకి సిల్వర్ ఓక్ చెట్లొక్కటే వరసలుగా ఉంటాయి. కొన్నిచోట్ల పనస, మామిడి, పాత అడవిచెట్లు కలిసి ఉంటాయి. రెండిటిలోనూ పావుగంట చొప్పున నిలబడి, వినబడిన పిట్ట కూతల్ని నోటు పుస్తకంలో గీతలు పెట్టి లెక్కించండి. ఊరికి తిరిగొచ్చాక అదే లెక్క మీ పక్క సరుగుడు తోటలోనూ, జామాయిల్ తోటలోనూ, చింత, వేప, తాటి కలిసిన పాత గట్టు మీదా వెయ్యండి. సరుగుడు వేసిన రైతుని తప్పు పట్టడం లేదు. కూలీలు దొరక్క, ఖర్చు తగ్గుతుందని వేస్తున్నారు. కానీ గట్టు మీది ఆ నాలుగు పాత చెట్లు కూడా కొట్టి అమ్మేముందు, ఆ గీతల లెక్క ఒకసారి చూసుకోండి.

గెడ్డ ఒడ్డున కూడా కాసేపు కూచోండి. రాళ్ళ మీద పొడవాటి తోక పైకీ కిందికీ ఊపుతూ, పసుపు పొట్ట పిట్ట తిరుగుతుంది. ఈ జాతి పిట్టలే, కొంచెం రంగులు మారి, దుక్కి దున్నేటప్పుడు మీ ట్రాక్టరు వెనకా కనబడతాయి. దసరా దాటాక వచ్చి, ఎండలు ముదిరేలోగా పోతాయి. కంచె మీద కంటికి నల్లగంత కట్టుకున్న దొంగలా ఒంటరిగా కూచునేది మరో వలస పిట్ట. మిడతల్ని పట్టి తుమ్మ ముల్లుకో, రేగు ముల్లుకో గుచ్చి తర్వాత తింటుంది. కంచె ముల్లుకి మిడత గుచ్చి ఉండడం మీరు చూసే ఉంటారు. పిల్లల పని అనుకుని ఉంటారు.

ఎంత వెతికినా కనబడనిది

మధ్యాహ్నం గాలికొండ దగ్గర బండి ఆపి ఆకాశం చూడండి. గాలి పైకి లేచే వేళ అది. డేగలు, పాముల్ని పట్టే గద్దలు రెక్కాడించకుండా చుట్లు తిరుగుతుంటాయి. రాబందు మాత్రం కనబడదు. మీ తండ్రి వయసువాళ్ళని అడగండి, ఊరి బయట పశువు కళేబరం పడేస్తే గంటలో యాభై రాబందులు వాలేవని చెబుతారు. 1990ల తర్వాత పదిహేనేళ్ళలో దేశంలో తెల్లనడుము రాబందులు నూటికి తొంభైతొమ్మిది పైగా పోయాయి. ఎవరూ వేటాడలేదు. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షను కారణమని 2004లో తేలింది. మందు వేసిన పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడయ్యేవి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. మనుషుల సీసాలు పశువులకి వాడుతున్నారని 2015లో పెద్ద సీసాలు ఆపించారు. 2023లో కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ కూడా పశువులకు వద్దన్నారు. మెలాక్సికామ్ రాబందులకి హాని చెయ్యదు, గేదె నొప్పికి పనిచేస్తుంది. డాక్టరు వచ్చినప్పుడు ఆ పేరు చెప్పి అడగండి.

రాబందులు పోతే మనకేం అంటే, కళేబరాలు కుక్కల పాలయ్యాయి, నీళ్ళు చెడ్డాయి. 2000 నుంచి 2005 లోపల దీనివల్ల దేశంలో సుమారు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం లెక్కగట్టింది. ఆ మందు వేసిన రైతెవరికీ రాబంధు మీద కోపం లేదు. ఎవరి గేదె బాధ వాళ్ళు తీర్చుకున్నారు, అంతే.

చేలోకి వచ్చాక

అర్జెంటీనా రైతులకూ గద్దల మీద కోపం లేదు. ఉత్తర అమెరికా నుంచి ఏటా చలికాలంలో అక్కడికి దిగే ఒక జాతి డేగలు చేలలో మిడతలు తిని బతుకుతాయి. 1995-96లో మిడతల కోసం అక్కడ మోనోక్రోటోఫాస్ కొట్టారు. మందు పడ్డ మిడతల్ని తిన్న డేగలు చెట్ల కింద వేలకు వేలు రాలిపడి ఉన్నాయి. చచ్చిన మిడతల్ని తినడానికి మనుషుల్ని పిలవక్కర్లేదు, పిట్టలే వస్తాయి. అందులోనే ప్రమాదం.

మనవాళ్ళు 'మోనో' అని ముద్దుగా పిలిచే మందు ఇదే. కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. 2013లో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మందు వల్లే. 2023లో కేంద్రం దీని 36 శాతం ద్రవాన్ని ఆపెయ్యాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అటక మీద పాత సీసా ఉండే ఇళ్ళున్నాయి. ఉంటే పంటకి కొట్టకండి, గెడ్డలో పారబొయ్యకండి. వ్యవసాయాధికారిని అడిగి వదిలించుకోండి. నారుమళ్ళలో చల్లే కార్బోఫ్యురాన్ గుళికల సంగతీ అంతే. చూడ్డానికి గింజలా ఉంటుంది, చిన్నపిట్ట చావడానికి ఒక్క గుళిక చాలు. అమెరికాలో 1990లలోనే ఆ గుళికల వాడకం దాదాపు పూర్తిగా మాన్పించారు.

అసలు మందే కొట్టొద్దని చెప్పడం లేదు. అర ఎకరం బంతి మీద అప్పు తెచ్చినవాడికి మొగ్గలో పచ్చపురుగు కనబడితే నిద్ర పట్టదు. కానీ కొట్టేముందు రెండు పూటలు గట్టు మీద నిలబడి, కొండ మీద చూసినట్టే, పిట్టలు ఏం చేస్తున్నాయో చూడండి. ఏట్రింతలు, గోరింకలు దిగి పురుగు ఏరుతుంటే రెండు రోజులు ఆగవచ్చు. ఆగడానికి ధైర్యం చాలకపోతే ముందు వేపనూనె, లింగాకర్షక బుట్టలు చూడండి. పూలు కోసే ఆడవాళ్ళని అడగండి, మొగ్గలో పురుగు పెరిగిందో తగ్గిందో వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియదు.

గింజ తినేవాటితో గొడవ ఎలాగూ తప్పదు. మన రాష్ట్రం 2018లో రామచిలుకని రాష్ట్రపక్షిగా ప్రకటించింది. జామతోట, మొక్కజొన్న ఉన్న రైతుని అడిగి ఉంటే పాలపిట్టనే ఉంచమని చెప్పేవాడు! చిలుకల్ని మెరుపు రిబ్బనుతో, వలతో, డబ్బా చప్పుడుతో తోలండి. విషపు గింజలు మాత్రం పెట్టకండి. అది ఏ పిట్ట తింటుందో మన చేతిలో ఉండదు, చట్టం ప్రకారం నేరం కూడా.

గుడ్లగూబ గురించి ఒక పని చెబుతాను. ఊళ్ళో గూబ ఉండే తాటితొర్రో, పాత గుడి గోపురమో, పాడుబడ్డ మేడో ఉంటుంది. పగటిపూట దాని కిందకి వెళ్ళి చూడండి. బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అది రెట్ట కాదు, తిన్నదానిలో అరగనిది గూబ నోటితో కక్కిన ఉండ. నీళ్ళలో నానబెట్టి పుల్లతో విప్పితే లోపల ఎలుక పుర్రెలు, పళ్ళు, వెంట్రుకలు వస్తాయి. మీ పిల్లాడి చేత లెక్కపెట్టించండి. ఒక్కో ఉండలో రెండేసి, మూడేసి పుర్రెలు ఉంటాయి. ఇంటి మీద గూబ వాలితే చావు కబురు అనే పెద్దవాళ్ళ ముందు ఆ పుర్రెలు వరసగా పెట్టి చూపించండి. ఆ చావులన్నీ మీ వరిచేలో ఎలుకలవే. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటలవాళ్ళు గూబల కోసం చెక్క పెట్టెలు కొట్టించి స్తంభాల మీద పెడతారు. మనం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు, తొర్ర ఉన్న ఆ ఒక్క తాడిని కొట్టకుండా ఉంటే సరి. ఎలుకల మందు పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మందు తిని నెమ్మదించిన ఎలుకే గూబకి సులువుగా దొరుకుతుంది, ఆ విషం గూబకీ ఎక్కుతుంది. బుట్టలు పెట్టి పట్టడం, బొరియలో పొగ పెట్టడం మేలు.

ఇక పక్షి స్థావరాలు. పేరు పెద్దది, వస్తువు చిన్నది. ఇంగ్లీషు టి ఆకారంలో రెండు కర్రలు కట్టి చేలో పాతడమే. ఎకరాకి పది పదిహేను చాలు. పైరు కంటే అడుగు ఎత్తుండాలి. పైరు పెరిగితే కర్ర కూడా పెంచాలి, ఆకుల్లో మునిగిన కర్ర మీద పిట్ట వాలదు. పగలు ఏట్రింత, పాలపిట్ట వాలతాయి. రాత్రి గూబ వాలుతుంది. బంతి, చామంతి, వంగ, టమాటాల్లో పంట చివరి దాకా ఉంచవచ్చు. వరి, చోడి, మొక్కజొన్న, పొద్దుతిరుగుడులో గింజ పాలు పోసుకునే వేళకి తీసెయ్యాలి, లేకపోతే గింజ తినేవాటికి మనమే పీట వేసినట్టవుతుంది.

కొండ దిగేటప్పుడు దారి పక్క వెదురు చూసి, స్థావరాలకి పనికొస్తాయని నాలుగు నరికి బండి మీద వేసుకోకండి. అది అటవీశాఖ సొత్తు, చెక్‌పోస్టు దగ్గర ఆపుతారు. చీకటి పడకముందే ఘాట్ దిగండి, నవంబరులో అయిదున్నరకే మంచు కమ్ముకుంటుంది. కర్రలకి మీ గట్టు మీది సుబాబుల్ కొమ్మలు, సరుగుడు తలకొట్టులు సరిపోతాయి.